రెండు డ్రాముల సీసా

రజో పండగ ఉయ్యాలలు ఇంకా విప్పలేదు.
మొదటి గట్టి వాన.
గుణుపురం వీధి దీపాల కింద
ఉసిళ్ళతో పాటు అవీ లేచాయి,
రెక్కల గండుచీమలు.
ఉసిళ్ళకైతే పళ్ళేల్లో నీళ్ళు పెట్టారు, వేపుడుకని.
చీమల్ని ఎవరూ లెక్కచేయలేదు.

తెల్లారి హోమియో దుకాణం షట్టరు ఎత్తుతుంటే
గడప మీద ఒకతె.
రెక్కలు తానే తుంపి పారేసుకుని
పెళ్ళిచీర విప్పి, ఇక పనేదని వెతికే మనిషిలా
అటూ ఇటూ తిరుగుతోంది.

పాణిగ్రాహి డాక్టరు రావడానికి ఇంకా గంట.
రెండు డ్రాముల సీసా తీశాను.
అడుగున నీళ్ళు, నీళ్ళకి అడ్డంగా దూది,
ఇవతల ఆమె,
మూతికి ఇంకొంచెం దూది.
అలవాటుకొద్దీ లేబులు అంటించి
రోగి పేరు దగ్గర ఆగిపోయాను.
తేదీ మాత్రం వేశాను.

పట్టుకున్నాననే అనాలి.
కాపాడానని అనుకోడానికి
ఆ రోజంతా ప్రయత్నించాను.

మొదట్లో నాకు ఓపిక లేదు.
పూటకి నాలుగుసార్లు సొరుగు లాగి చూశాను.
ఆరు గుడ్లు. మర్నాటికి తొమ్మిది.
పక్కింటి గుంటడు టుకునా టార్చి వేశాడు,
"పింపుడికి ఆకలేస్తుంది మామూ" అని
తీపి మాత్ర ఒకటి దూర్చబోయాడు.
పదో రోజున గుడ్లు లేవు.
ఆమే తినేసింది.
గోడలు అదిరే ఇంట్లో పిల్లల్ని ఎక్కడ దాస్తుంది,
తన కడుపులోకే తిరిగి తీసుకుంది.

సీసాకి నల్ల కాగితం చుట్టి
ఎవరూ అడగని మందుల వెనక పెట్టాను.
"చూడొద్దు" అని చీటీ రాశాను,
టుకునా కోసం ఒడియాలో,
నా కోసం తెలుగులో.
ఒడియా బడిలో దిద్దింది, గుండ్రంగా వచ్చింది.
తెలుగు మా అమ్మ
సబ్బుపెట్టె మీద చూపించి నేర్పింది.
వొత్తు దగ్గర చెయ్యి ఇప్పటికీ తడబడుతుంది.

ఇక చూడకపోవడమే నా పని.

ఆమె ఏమీ తినదు.
రెక్కల్ని ఆడించిన కండ
రెక్కలు పోయాక కరుగుతుందట.
ఒక్క రాత్రి ఎగిరిన బలాన్ని
రోజుకింత
పిల్లల నోటికి వండి పెడుతోంది,
చీకట్లో, పొయ్యి లేకుండా.
నేను దుకాణంలో కూర్చుని
పొట్లాలు కడుతున్నాను.

వంశధార మూడో మెట్టు దాకా వచ్చిన రాత్రి
"ముందు ఖాతా పుస్తకం ఎత్తు" అని డాక్టరు కేకేశారు.
నేను ముందు ఆ సొరుగు ఎత్తాను.
ఖాతా తడిసింది.
ఎవరెవరు బాకీయో ఇప్పటికీ
వాళ్ళు చెప్పిందే లెక్క.

నలభై మూడో రోజు కాగితం విప్పాను.
ముగ్గురు.
గండుచీమ కడుపున పుట్టారంటే నమ్మరు,
అంత బక్క, అంత పలచన రంగు.
పుల్ల మొనతో తేనె చుక్క అందించాను.
మొదట తాగినది
పొట్ట మెరిసేదాకా తాగి
వెనక్కి తిరిగి వెళ్ళి
తల్లి నోట్లో పోసింది.
టుకునా టార్చి వేయలేదు.
ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలాడు.

కార్తీకానికి వాళ్ళు ఎందరో లెక్క తప్పింది.
సీసాని అద్దం మూత పెట్టెలోకి మార్చాం.
దోమ వేస్తే కాళ్ళు లెక్కపెట్టినట్టు విడదీస్తారు.
"ఎప్పుడు వదిలేస్తావ్?" అంటాడు వాడు.
గడప మీద ఆ రోజు ఏరిన రెక్కలు
పొట్లంలో ఉన్నాయి,
అవి చూపించి మాట మారుస్తాను.

నిన్న మాత్రల పళ్ళెం అంచున ఒక చీమ.
పెట్టె మూల దూది కొరికినట్టే ఉంది,
వీధి గుమ్మమూ తెరిచే ఉంది.
లోపలిదా, బయటిదా?
వేలు అడ్డం పెట్టాను.
మీసాలతో రెండుసార్లు తట్టి
నేను ఎవరివాణ్ణో
తేల్చుకునే అవసరమే లేనట్టు
గోరు పక్కనుంచి
వెళ్ళిపోయింది.