ఆరియా

రాత్రి రెండున్నరకి
మా ఆయన ఓడ మీదున్నాడు.
కంచరపాలెం రేకుల గదిలో
తడిసిన బనీనుతో మంచం మీద కూచుని
"ఆరియా... ఆరియా..." అంటున్నాడు.
దించు, దించు అని.
ముప్పయ్యేళ్లు హార్బర్లో వించి తిప్పిన చేతులు
గాల్లో ఏదో బరువును దించుతున్నాయి.
ఎత్తడానికి ఇంకో కేకుంది, హబీస్.
అది ఆయన నోట రాలేదు.

కలేమో అనుకున్నాను.
నుదురు తాకితే చల్లటి చెమట.
నేనెవర్ని అంటే
"నువ్వే గ్యాంగు?" అన్నాడు.
మిషన్లో చుక్క పెడితే నలభై రెండు.

గ్లాసుడు నీళ్లు పట్టకూడదు, రోజుకింతని కొలత.
కొబ్బరిబోండాం అసలే వద్దన్నారు.
పంచదార రెండు చెంచాలు, తడిసేటన్ని నీళ్లు.
"మింగు అసిరయ్యా!"
పెళ్లయ్యాక పేరెట్టి పిలవడం అదే మొదలు.

పావుగంటకి యాభై ఎనిమిది.
మళ్లీ రెండు చెంచాలు.
"ఏటే, అలా సూత్తన్నావు?" అన్నాడు.
అప్పుడొచ్చింది ఏడుపు.

పొద్దున్న పెద్దాసుపత్రిలో
గొట్టాల్లో ఆయన రక్తం తిరుగుతుంటే
సుకన్య సిస్టరు బొడ్డు పక్కన తడిమింది.
"రోజూ ఇక్కడే పొడుస్తున్నావా?"
అక్కడైతే నొప్పి లేదంటాడని, అవును, అక్కడే.
రెండేళ్ల నా జాలి
చర్మం కింద గడ్డకట్టింది.
ఆ గడ్డలో మందు ఓ రోజు దాక్కుంటుంది,
ఓ రోజు అప్పు తీర్చినట్టు ఒక్కసారే దిగుతుంది.
పైగా చెడిపోయిన కిడ్నీలు
ఇన్సులిన్ని తొందరగా సాగనంపలేవట.

ఆయన భాషలో చెప్పాను:
"రిలీవరు రాలేదు మావా.
నిన్నటి మందు డ్యూటీ దిగనే లేదు,
దాని నెత్తిన నేను ఇవాళ్టి షిఫ్టు ఎక్కించేను."
నవ్వాడు.
నాకు రాలేదు నవ్వు.

కుట్టిన చోటే మళ్లీ కుడితే గుడ్డ చీకిపోద్దని
మిషను నేర్చుకునే పిల్లలకి
రోజూ చెప్పేదాన్ని నేనే.

డాక్టరుగారు ఇరవై యూనిట్లని పన్నెండు చేశారు.
నేను టైలరింగు సుద్ద తీశాను.
పొట్ట మీద వేలెడు ఎడంలో గుర్తులు,
ఈ వారం కుడి, వచ్చే వారం ఎడమ,
గడ్డ చుట్టూ ఒక సున్నా.
"ఆది జాకెట్టేటే నేను?" అంటాడు.
పళ్లెంలో మెతుకు దిగాకే సూది.
జాకెట్టు ముక్కల సంచిలో ఓ పంచదార పొట్లం.

మొన్న రాత్రి నిద్రలో మళ్లీ ఏదో గొణిగాడు.
లైటేసి చూశాను. చెమట లేదు.
మిషన్లో నూట ముప్పై.
హబీస్ అన్నాడో, వట్టి మూలుగో,
సరిగ్గా వినపళ్లేదు.
హార్బరు వైపు ఏదో ఓడ కూత పెట్టింది.
లైటార్పకుండా
తెల్లారేదాకా కాజాలు కుట్టాను.