అర వేలు

కాశీబుగ్గలో సిమెంటు గోడౌను ముందర
నేల చదునో కాదో రసమట్టం పెట్టి మరీ చూసుకుని
చిన్న ట్రాక్టరుని ఆపాను.
లోడరు బకెట్టుని మెల్లగా దించితే
ఎడమ మూల నేలకి తగిలి టంగుమంది,
కుడి మూల గాలిలోనే ఉండిపోయింది.
కింద వేళ్లు దూర్చాను.
మూడు పట్టాయి.

దాలినాయుడికి అక్కడి నుంచే ఫోను.
"వంకర బండి అంటగట్టినావు కదా,
నీ బాకీలో వేలికో వెయ్యి కోసుకుంటన్నాను."
అటుపక్క కాసేపు ఊపిరి.
"మీ ఇష్టమమ్మా."
తిట్టినా బాగుండేది.

అసలు వంకర బయటపెట్టింది వాన.
ఎర్నమ్మగారి కళ్లం చదును చేసింది నేనే,
గంటకి ఎనిమిది వందలు.
తెల్లారేసరికి ఒక వారనే నీళ్లు నిలిచి
మూడు బస్తాల జీడిపిక్కలు నానిపోయాయి.
ఆవిడ ఒక్క మాటా అనలేదు,
ఉబ్బిన పిక్కనొకటి తీసి
నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయింది.

షెడ్డులో అందరి నోటా ఒకటే, ఆయిలు.
"ఎడం సిలిండరు దిగిపోతంది."
"హోసు మార్పించీ."
"సీళ్లు కొత్తవెయ్యాల, ఆరు వేలవుద్ది."
తవిటయ్య మాత్రం బీడీ చెవిలో దోపి
బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.
"అప్పా, రెంటికీ ఆయిలొచ్చీది ఒక్క గొట్టంలోంచే.
రెండు సేతుల్నీ ఈ అడ్డ కమ్మీ పట్టుకునుంది.
ఆయిలు కారితే రెండూ కలిసే దిగుతాయి.
ఒకటే దిగిందంటే
ఇనుముని అడగాల."

ముందు టైర్లు నొక్కాడు.
ఎడమ దానిలో గాలి సగమే.
కంప్రెసరు దడదడలాడి ఆగాక
ఒక వేలు తగ్గింది.
ఒక వెయ్యి, అనుకున్నాను లోపల.

తర్వాత పిన్నులు.
సుత్తితో తట్టి లాగితే ఎండిపోయి వచ్చాయి,
గ్రీజు మొహం చూసి ఎన్నాళ్లయిందో.
ఎడమ బుష్షు అరిగిన మట్టెలా పలచబడింది,
కొత్తది నూట నలభై.
చేతుల్ని ఛాసీకి పట్టే బోల్టుల్లో రెండు
పాలపళ్లలా ఊగాయి.
అతను కాలితో తన్ని బిగిస్తుంటే
నేను నా బాకీ లెక్క వేసుకుంటున్నాను.
మళ్లీ వంగి వేలు పెట్టాను.
సగం దూరి ఆగింది.

"మరి ఈ అర?"

తవిటయ్య మాట్లాడలేదు.
గోనెసంచులు కుట్టే దారం తెచ్చి
బకెట్టు ఈ మూల నుంచి ఎదురు మూలకి,
మళ్లీ ఆ మూల నుంచి దాని ఎదురుకి లాగి చూశాడు.
ముడి, గోరు మందం
పక్కకి జరిగింది.
"ఏ మొద్దుని పెకలించినావప్పా,
ఒక్క మూలతోనే?"

గాలివాన పోయిన మూడో రాత్రి.
కరెంటు లేని తోట, హెడ్‌లైటులో పనస మొద్దు.
తెల్లారితే ఇంకెవడో ఆ బాడుగ కొట్టేస్తాడని
పన్నెండు వందలకి ఒప్పుకున్నాను.
కటక్‌మని ఒక చప్పుడు.
వేరు తెగింది అనుకున్నాను.
లేదు. ఇనుమని తెలుసు నాకు అప్పుడే.

"కాల్చి లాగొచ్చు గానీ మెత్తబడిపోద్ది,
మరోపాలి ఇంకా వంగుతాది.
ఒగ్గీయప్పా. లీవరు మీద నీ సెయ్యికి తెలిస్తే సాలు."

మందస రోడ్డంతా
బకెట్టుని మోకాలెత్తున పెట్టి నడుపుకుంటూ వెళ్లాను.
దాలినాయుడు పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు.
మూడు వేలూ చేతిలో పెట్టి
మొద్దు సంగతి చెప్పాను.
చేతులు పంచెకి తుడుచుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ముందునుంచీ అర వేలు ఉండీదేమోనమ్మా.
నానెప్పుడూ దారం కట్టి సూడనేదు."

అని ఒక ఐదు వందల నోటు వేరుచేసి
బకెట్టులో పెట్టాడు.
ఎగిరిపోకుండా దాని మీద
నేలన దొరికిన జీడిపిక్క ఒకటి ఉంచాడు.

వద్దు వద్దని నేను దిగేలోపే
పిక్క ఎడమకి దొర్లింది.