శనివారం కాఫీ

మా రిబ్కాకి శనివారం పొయ్యి నిషిద్ధం.
నేను బుద్ధుడి మనిషిని, నాకు ఆశ నిషిద్ధం.
అయినా కాఫీ మీద ఆశ పోదు.

"దుఃఖానికి మూలం కోరిక" అన్నాను, ఖాళీ గ్లాసు చూపించి.
"కాదు. నిన్న సాయంత్రమే ఫ్లాస్కులో పోసుకోకపోవడం."

రొయ్యల చెరువుల మధ్య కాపురం మాది.
నలభై ఏళ్లుగా ఆవిడ రొయ్య ముట్టలేదు.
ఎంత వైరాగ్యమో అని మురిసిపోయాను.
"వైరాగ్యమా, నా బొంద! దానికి పొలుసు లేదు.
ఉండి ఉంటేనా, నీకు తోక కూడా మిగిలేది కాదు."

ఆదుర్రు స్తూపం దగ్గర కళ్లు మూసుకున్నాను.
"ఏం కనపడింది?"
"శూన్యం."
"దీనికోసమా ఇంత దూరం నడిపించావు?"

వైనతేయ పాయ మీద మూడు చుక్కలు పొడిచాయి.
సబ్బాతు అయిపోయింది.
నాకంటే ముందు లేచింది,
కాఫీ పెట్టడానికి.

నేను ఆశ లేనట్టు,
వెనకాలే,
కాస్త గబగబా.