నలభై ఒక్క అడుగులు

హాస్టెటర్ గారి కొత్త కాంక్రీటు మీద
నా కొలత చక్రం టక్‌టక్‌మంటోంది.
ఈ వీధిలో స్థలానికి ముప్ఫై అయిదు శాతమే గట్టి నేల,
పైకప్పూ బాటా మెట్లూ అన్నీ కలిపి.
ఈయనకి నలభై ఒక్క చదరపు అడుగులు ఎక్కువ.

"మా ఆవిడ చక్రాల కుర్చీ
గడ్డిలో దిగబడిపోతోంది" అన్నాడు.
నా ఫారంలో దానికి గడి లేదు.
అంచున రాసుకున్నాను.

ఇంతలో చినుకులు.
లాంకాస్టర్ వాన, పెన్సిలు గీతల్లా.
ఇంకడానికి చోటు దొరకని నీరు
పల్లమెరిగి,
కంచె కిందుగా దూరి,
డోరీన్ ఇంటి నేలమాళిగ కిటికీ దగ్గర ఆగింది.
ఆమె అప్పటికే చీపురుతో నిలబడి ఉంది.

"కుర్చీ బాట ఉంచుకోండి,
కారు నిలిపే చోటు పగలగొట్టండి" అన్నాను.

ఆయన కారు వైపు చూశాడు,
తడుస్తూ, చాలాసేపు,
ఇంకెన్నాళ్లు నడపగలనో
లెక్క వేసుకుంటున్నట్టు.