పార్సిల్

నలభై ఏడుగురు. గిరింపేట మేడ మీద ఒక షామియానా.
"ఆటలు నువ్వే చూసుకో మే" అనింది మా వదిన,
ఉప్పు చూడమన్నంత తేలిగ్గా.

కరెంటు బిల్లు వెనకాల రాసుకుంటి.
కుర్చీలాట: ఉండేది పదకొండు కుర్చీలు, ఒకటి కుంటిది.
అంత్యాక్షరి: 'ళ' కాడ పోయినేడు కొట్లాటయింది.
తంబోలా: అంకెల మీద బూందీ పెట్టుకోమంటే
పిలకాయలు ఆట మొదలుగాకముందే తినేసినారు.
దాగుడుమూతలు: సుగుణత్తకు మోకాళ్ళు,
అయినా దాక్కున్నోడు నిద్రపోతే వెతికేదెవురు?

కడాకు పార్సిల్.
పద్నాలుగు పొరల పాత పేపరు, లోపల మామిడి తాండ్ర.
చిన్నా పెద్దా కలిపి గుండ్రంగా కూర్చోబెడితి,
దొరస్వామి మామ పక్కన
ఊరికే అన్నట్టు
మునిరత్నం చిన్నాయనను.
బోరు గొడవ. మాటల్లేవు ఆరేండ్లుగా.

పాట తిరిగింది, పేపరు చిరిగింది.
మామ చేతిలో నుంచి చిన్నాయన చేతికి
మూడుసార్లు పోయింది, కాలే పెనం మాదిరి.
నాలుగోసారి ఆపితి.

నాలుగు చేతులూ దాని మీదనే.

"ఎవురు అవుటు? ఎవురు అవుటు?"
పిలకాయల అరుపులకు షామియానా లేచిపోతా ఉంది.
వాళ్ళు మొగాలు చూసుకోలా.
వదలనూ లేదు.

ఫోను సతాయిస్తా ఉందని చెప్పి
నేనింకా పాట పెట్టలా.