త్వరలో

వేట నిషేధానికైనా ఒక తేదీ ఉంది.
జూన్ పద్నాలుగు అర్ధరాత్రి దాటితే
హార్బర్‌లో బోట్లన్నీ ఒక్కసారే దగ్గుతాయి.
మా జాబితాకి అదీ లేదు.
మార్చి నుంచీ ఒకటే మాట: త్వరలో.

ల్యాబ్‌లో వంజరం చెవిరాయిని కోసి
వలయాలు లెక్కపెడుతున్నాను.
తిండి దొరకని రోజుల్లో గీత సన్నగా పడుతుందట.
ఈ వేసవికి నన్ను కోసి చూస్తే
గీతంటూ ఉంటుందా?

నా ఫోను నూకరత్నం దిండు కింద.
"గంటకోపాలి ఇస్తాన్లే" అంది.
తనూ రాసింది అదే పరీక్ష.
తనదెప్పుడు చూసుకుంటుందో
నాకు కనపడనివ్వదు.

సాయంత్రం జాలరిపేటలో
సింహాద్రి మామ వల బాగుచేస్తున్నాడు.
"ఏటే, స్కాలర్‌షిప్పు వచ్చిందేటి?"
ఇంకా లేదన్నాను.
తల ఎత్తలేదు.
"ఇటు పట్టు" అని
తెగిన కన్ను నా వేళ్ళకి తగిలించాడు.

లైట్‌హౌస్ వెలిగేదాకా పట్టుకునే ఉన్నాను.
ఎన్ని కళ్ళు ముడేశాడో తెలీదు,
నేను లెక్కపెట్టని సాయంత్రం అదొక్కటే.

నైలాను వాసన చేతుల్తో గది తలుపు తోస్తే
చీకట్లో నూకరత్నం
గోడవైపు తిరిగి పడుకుంది.
దుప్పటి లోపల్నుంచి
నీలంగా వెలుతురు.