చదవడానికి మాత్రమే

ఊరి పేరు హల్.
అచ్చు తోడు దొరకని పొల్లులా
ఏటికీ సముద్రానికీ మధ్య ఆగిపోయిన ఊరు.
మా ఇంట్లో మెట్ల కింద అరలో
చీపురుకీ గ్యాస్ మీటరుకీ నడుమ
పదమూడేళ్ల డెస్క్‌టాప్.
విండోస్ మొయ్యలేక చతికిలబడ్డదాన్ని
లినక్స్ పోసి లేపాను.

ఆదివారమంతా దానితోనే సరిపోయింది.
మీడియా ఫోల్డరు పంచిపెట్టానా,
సరే, మొదలైందంది తెర.
హాల్లో టీవీ మాత్రం
అప్పడిగిన చుట్టాన్ని చూసినట్టు
ముఖం తిప్పేసుకుంది.
గోడలకి చెవులుంటాయంటారు.
ఫైర్‌వాల్‌కి లేవు.
ఎనిమిదివేల రెండొందల నంబరు కంత
ఒక్కటి తెరిస్తే చాలని తెలిసేసరికి
పొయ్యి మీద పప్పు మాడింది.

నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది...
ఈ గుమ్మం దాటితే చెల్లని చిరునామా.
లోపల అందరం
దాన్ని పట్టుకునే ఒకర్నొకరం వెతుక్కుంటాం.

పై గదిలో గ్రాజినా
పోలిష్ హాస్యాలకి ఒక్కతే పగలబడి నవ్వుతుంది.
అటకగదిలో టెస్ఫాలెం
అక్క పెళ్లి వీడియోని
భుజాలాడించే ఆట దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ.
కింద ఇంటాయన, కీత్ ఆంబ్లర్,
అట్టపెట్టెడు క్యాసెట్లు నా చేతిలో పెట్టి
"డోరీన్ పాడేది" అన్నాడు.
అంతే అన్నాడు.

తీగ తగిలించి పదకొండు టేపులూ ఎక్కించాను.
ఒక్కదాన్లోనూ పాట లేదు.
కెటిల్ కూత. కుర్చీ జరిగిన చప్పుడు.
"కీత్, ఇది తిరుగుతోందా అసలు?" అని ఓ గొంతు.
ఆ తర్వాత నలభై నిమిషాల వంటగది.

ఎలా చెప్పను?
ఫోల్డరుకి డోరీన్ అని పేరు పెట్టి
అనుమతుల దగ్గర
చదవడానికి మాత్రమే అని రాసి ఊరుకున్నాను.
ఎవరూ, చివరికి ఆయనా,
పొరపాటునైనా చెరపకుండా.

మంగళవారం గాలివానకి వీధి లైను తెగింది.
బయటి కుళాయి చుక్క రాల్చలేదు.
పెరటి బావి మాత్రం ఊరుతూనే ఉంది.
రాత్రి రెండింటికి ల్యాబ్ నుంచి వచ్చి
తడి బూట్లు విప్పుతుంటే
మెట్ల కింద ఎర్ర దీపం గబగబా కొట్టుకుంటోంది.
ఎవరో వింటున్నారు.

లాగ్ తెరిచి చూశాను:
హాలు టీవీ. టేపు ఏడు, రెండో వైపు.

తలుపు సందులోంచి కెటిల్ కూత.
టేపులోదా, పొయ్యి మీదదా
తేల్చుకోడానికి లోపలికి వెళ్లలేదు.
మెట్టు మీదే కూచున్నాను
ఒక బూటు కాలికి,
ఒక బూటు చేతిలో.